పొట్లాల తాతయ్య ఎడంచెయ్యి

మొన్న పొద్దున్న కాఫీ తాగి, వరండాలో కుర్చీని ఎండలోకి జరుపుకుంటూ ఉండగా, మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి, "తాతయ్యా, నీ పొట్లాల తాతయ్య కలర్లో వచ్చాడు చూడు!" అంటూ దాదాపు నా ముక్కుకి ఆనించింది. నా పాత పిల్లల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేస్తామని హైదరాబాదు ప్రచురణకర్తలెవరో కొన్నాళ్లుగా అడుగుతుంటే, సరే వేసుకోండి బాబూ అన్నాను. అచ్చుకి వెళ్లేముందు నాకు చూపించడానికి వాళ్లు పంపిన అట్టబొమ్మ అది. కళ్లజోడు తుడుచుకుని చూశాను. బట్టతల నేను గీసిందే, ముక్కు చివరికి జారిన అద్దాలు నేను గీసినవే, బుగ్గలకి మాత్రం అప్పుడే నలుగుపెట్టి నీళ్లు పోసిన పసివాడి రంగు పూశారు. పోనీ అనుకున్నాను. ఈ వయసులో పోనీ అనుకోవడం బాగా అలవాటైంది. అయినా ఏదో తేడాగా ఉంది, అద్దంలోకి చూస్తే నా బదులు ఇంకెవరో కనబడ్డట్టుంది. కాసేపటికి గాని తెలియలేదు. తాతయ్య పొట్లాన్ని కుడిచేత్తో అందిస్తున్నాడు.

మీ పిల్లలకి ఆ కథలు చదివి వినిపించినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే గుర్తుండే ఉంటుంది, పొట్లాల తాతయ్య ఏదిచ్చినా ఎడంచేత్తోనే ఇస్తాడు. కథల్లో ఎక్కడా ఆ మాట రాయలేదు, బొమ్మల్లోనే ఉంటుంది. మనవరాలి చేత వాళ్లకి ఫోను చేయించాను. అవతల ఎవరో అమ్మాయి, ఎంతో మర్యాదస్తురాలు.

"నమస్తే సార్! కవర్ నచ్చిందాండి?"

"నచ్చడం సంగతి తరవాతమ్మా. చెయ్యి మార్చారేంటి?"

"అదాండి! లెఫ్ట్ హ్యాండ్‌తో ఇవ్వడం బాగోదు కదాండి, స్కూళ్లకి వెళ్లే బుక్కు. అందుకని మా టీమ్ బొమ్మని మిర్రర్ చేసేసిందండి. షాపు బోర్డు మీద లెటర్స్ మాత్రం మళ్లీ టైప్ చేశాం. లోపల బొమ్మలన్నీ అంతే సార్."

"కథలు చదివావామ్మా నువ్వు?"

"చదవాలండి. నెక్స్ట్ వీక్ చదువుతాను సార్."

నేను సరేనంటే అచ్చుకి ఇచ్చేస్తారట, కాదంటే బడులకి పంపే వాటిలో నా పుస్తకం బదులు ఇంకొకటి పెడతామని పైవాళ్లు అన్నారట. ఇవన్నీ 'అండి' చేర్చి ఎంత మెత్తగా చెప్పిందంటే, కోప్పడదామంటే పట్టు దొరకలేదు. రెండ్రోజులు ఆగమ్మా అన్నాను. నా పుస్తకాలు దుకాణాల్లోంచి మాయమై ఎన్నో ఏళ్లైంది. నేను పోయేలోగా ఒక్కసారి పిల్లల చేతుల్లో చూడాలని ఉండదా, మీరే చెప్పండి.

మాది నిడదవోలు. అప్పట్లో అది పశ్చిమ గోదావరి, ఇప్పుడు తూర్పంటున్నారు. ఊరు ఉన్నచోటే ఉంది, దిక్కు మార్చేశారు. స్టేషనుకి వెళ్లే దారిలో నాన్నగారికి కిరాణా కొట్టుండేది. అయిదో తరగతితో నా చదువు చాలించి కొట్లో కూర్చోబెట్టారు. సరుకులు కట్టడానికి పాత పత్రికలు, పుస్తకాలు కట్టలుగా వచ్చేవి, నేను చదువుకున్నదంతా ఆ చిత్తుకాగితాల్లోంచే. ఈ దేశంలో డిగ్రీలున్నవాళ్లెవరూ నాకు ఒక్క అక్షరం చెప్పలేదు, ఆ తరవాత కూడా నా ఎదురుగా కూర్చుని 'మీరేం చదివారండీ' అని అడిగారే తప్ప నేనేం రాశానో చూడలేదు. చిత్తుకాగితాలతో వచ్చిన చిక్కేమిటంటే ఏ కథా పూర్తిగా దొరకదు. దొంగ గోడ దూకుతూ ఉండగా కాగితం అయిపోతుంది, మిగతా సగం అప్పటికే ఎవరింటికో మిరపకాయలతో వెళ్లిపోయి ఉంటుంది. ఆ దొంగ ఏమయ్యాడా అని నాలో నేను అల్లుకుంటూ, బస్తాల మీద గుర్తులేసే కుంచెతో బియ్యం సంచి మీద వాడి మీసాలు గీస్తూ ఉండేవాణ్ని, నాన్నగారి మొట్టికాయ పడేదాకా.

ఇలాంటివాడు కొట్టుకి పనికిరాడని తేలాక రాజమండ్రిలో మా బావ దగ్గరికి పంపించారు. బావంటే మా పెద్దక్కగారి భర్త, ఆయనకి చిన్న అచ్చాఫీసు ఉండేది, పెళ్లి శుభలేఖలూ సినిమా కరపత్రాలూ వేసేవారు. అక్కడ సీసపు అక్షరాలు ఏరి పేర్చే పని నాది. అచ్చులో అక్షరం సరిగ్గా పడాలంటే సీసం మీద అది తిరగబడి ఉండాలి, అద్దంలో చూసినట్టుగా. కొన్నాళ్లకి నాకు తిరగబడిన తెలుగే అసలు తెలుగైపోయింది, వీధిలో బోర్డు చూస్తే ఒక్క క్షణం ఆగి చదవాల్సి వచ్చేది.

పనుల్లేని వేసవిలో బావ, పిల్లల పుస్తకమేదైనా వేద్దామా అన్నారు. అప్పుడు పుట్టాడు పొట్లాల తాతయ్య. పొట్లం కడుతూ ఆ కాగితం మీది కథలో పడిపోయి, ఇంగువ అడిగినవాళ్లకి బెల్లం ఇచ్చే షావుకారు. సగం కథ ఆవాల పొట్లంగా ఎవరింటికో వెళ్లిపోతే, పంచె ఎగ్గట్టి వాళ్ల వంటింటిదాకా పరిగెత్తి, 'అమ్మా, పొయ్యిలో పెట్టకండి, వాడు బావిలోంచి పైకొచ్చాడో లేదో చూసి ఇచ్చేస్తాను' అని బతిమాలతాడు. మొహం నాన్నగారిది, బుద్ధి నాది.

బొమ్మకి లోహపు దిమ్మ చేయించాలంటే వేరే ఊరు పంపాలి, అది వచ్చేసరికి వేసవి అయిపోతుంది. అందుకని రబ్బరులా మెత్తగా ఉండే లినోలియం ముక్కల మీద బొమ్మలన్నీ నేనే చెక్కాను. రాత్రికి రాత్రి కాదు, వారం పట్టింది. అట్టబొమ్మ అచ్చు తీసి తడి కాగితం ఎత్తి చూస్తే కొట్టు బోర్డు మీద అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. తాతయ్య మాత్రం పాపాయికి ఎడంచేత్తో పొట్లం ఇస్తున్నాడు. అక్షరాలని అలవాటుకొద్దీ తిరగేసి చెక్కాను, మనిషిని కూడా తిరగేయాలని తట్టలేదు! అక్షరాలు పేర్చేవాడు తప్ప లోకంలో ఇంకెవడూ ఇంత చక్కగా సగం పొరపాటు చెయ్యలేడు.

బావ ఒక చూపు చూసి, "ఏరా, మీ నాన్నగారు ఇది చూశారంటే కొట్టు మూసి కాశీ వెళ్లిపోతార్రా," అని పడీపడీ నవ్వారు. మళ్లీ చెక్కే వ్యవధి లేక అలాగే వేసేశాం.

నాన్నగారు కాశీ వెళ్లలేదు గాని, "ఎడంచేత్తో సరుకిచ్చే షావుకారు భూప్రపంచంలో ఉన్నాడట్రా? లక్ష్మిని తన్నినట్టు కాదూ!" అని చాలాకాలం నాతో మాట్లాడ్డం మానేశారు. రాజమండ్రి మెయిన్‌రోడ్డు వర్తకులైతే ముగ్గురు నలుగురు కలిసి అచ్చాఫీసుకే వచ్చారు.

"మా జాతిని వెక్కిరించడానికేనాండి ఈ పుస్తకం?"

"లేదండి, పొరపాటండి," అన్నారు బావ.

"పొరపాటేంటండి! ఇరవయ్యో పేజీలో చూడండి, అక్కడా ఎడంచెయ్యే. ఆవాల కథలోనూ అంతే, ఆ వంటింట్లో..." అంటూ చెప్పబోయిన పెద్దాయనకి ఆ వంటింటి సంగతి గుర్తొచ్చి నవ్వాగింది కాదు. మిగతావాళ్లకీ అంటుకుంది. సోడాలు తాగి, తిట్టవలసిందంతా తిట్టి, పోతూపోతూ మనవలకని తలో పుస్తకం పట్టుకెళ్లారు.

నేనైతే రెండో పుస్తకానికి చెయ్యి సరిచేసేద్దామనే అనుకున్నాను. మా చెల్లెలు చెయ్యనివ్వలేదు.

మా చెల్లెలిది పుట్టుకతో ఎడంచేతి వాటం. అన్నం ముందు కూర్చుంటే అమ్మ పాత చీర పేలికతో దాని ఎడంచెయ్యి నడుముకి కట్టేసేది. అమ్మ కఠినురాలేం కాదు, కళ్లు తుడుచుకుంటూనే కట్టేది, రేపు అత్తారింట్లో ఏమనుకుంటారే అనేది. ఆ పిల్ల కుడిచేత్తో కలుపుకోలేక మెతుకులన్నీ గౌను మీద పోసుకునేది. అమ్మ వంటింట్లోకి వెళ్లగానే ముడి కాస్త వదులు చేసేవాణ్ని నేను. నేను రాజమండ్రి వెళ్లిపోయాక వదులు చెయ్యడానికి ఎవరూ లేకపోయారు. ఆ వేసవిలో నేను పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్తే, అట్ట చూసి అది ఎంతసేపటికీ పేజీ తిప్పలేదు.

"అన్నయ్యా, ఈ తాతయ్య నాలాగే!"

"పొరపాటున పడిందే. ఈసారి సరిచేసేస్తాను."

"పొరపాటైతే ఏంటి? అందరూ చూస్తున్నారుగా. మార్చకన్నయ్యా."

మార్చనన్నాను. ఆ తరవాత మంచి దిమ్మలొచ్చాయి, ఆఫ్‌సెట్టు వచ్చింది, ఎలా గీస్తే అలా పడే రోజులొచ్చాయి. అప్పటినుంచీ నేను కావాలనే, ప్రతి బొమ్మలోనూ, ఎడంచేత్తోనే ఇప్పించాను. విమర్శకుల కంటికి నా పుస్తకాలు ఎన్నడూ ఆనలేదు గనక ఎందుకని అడిగినవాళ్లు లేరు. పిల్లలు అడగలేదు, తాతయ్య అంతే అనుకున్నారు.

మా చెల్లెలు ద్రాక్షారామం కోడలు. ఈ అట్టబొమ్మకి సరేనో కాదో చెప్పవలసింది న్యాయంగా నేను కాదు, అది. అందుకని మర్నాడు బొమ్మని కాగితం మీద తీయించుకుని బస్సెక్కాను. ఈ మోకాళ్లతో బస్సెక్కడం ఇప్పుడు ఒక ప్రయాణానికి ముందు ఇంకో ప్రయాణం.

పోయినేడు దానికి పక్షవాతం వచ్చింది, కుడివైపు పడిపోయింది. మాట బాగానే ఉంది, నవ్వూ బాగానే ఉంది. నేను వెళ్లేసరికి కోడలు పిల్ల కంచంలో అన్నం పెట్టి, "మావయ్యగారూ, మీరూ కూర్చోండి" అంటోంది. కాగితం తీసి చెల్లెలి ముందు పెట్టాను.

"ఎవరన్నయ్యా ఈయన?"

"పొట్లాల తాతయ్యేనే. రంగులేశారు."

"ఊరుకో, ఈయన కాదు," అని కాగితం పక్కకి జరిపి, ఎడంచేత్తో పప్పన్నం కలుపుకోవడం మొదలుపెట్టింది. ఒక్క మెతుకు కింద పడలేదు. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది.

"ఇప్పటికీ వంటింటి తలుపు వైపు చూస్తానన్నయ్యా, అమ్మ ఎక్కడ పేలిక పట్టుకొస్తుందో అని."

ఒక జీవితకాలం కష్టపడి నేర్చుకున్న కుడిచెయ్యి ఒళ్లో పడుకుని ఉంది. కట్టేసిన చెయ్యే దానికి అన్నం పెడుతోంది. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

తిరుగుబస్సు కోసం నిలబడి ఆ అమ్మాయికి ఫోను చేశాను. చెయ్యి ఉన్నట్టే ఉంచితే వేసుకోండి, లేకపోతే వద్దమ్మా అన్నాను. "అయ్యో సార్... ఓకే సార్. పైవాళ్లకి చెప్తానండి," అంది. సాయంత్రానికి జవాబు వచ్చింది. నా బదులు ఇంకొకరి పుస్తకం వేసుకుంటారట, ఏమీ అనుకోవద్దన్నారు. అనుకునే ఓపిక ఎవరికుంది.

ఆనాడు మమ్మల్ని తిట్టడానికి వచ్చినవాళ్లు పుస్తకం చదివి వచ్చారు. నాన్నగారు మాటలు మానేసినా ప్రతి బొమ్మా చూసి మానేశారు. ఈ కాలంలో కోపం లేదు, తగువు లేదు, చదవడమూ లేదు, ఎంతో గౌరవంగా మనిషి చెయ్యి మార్చేసి బాగుందాండి అని అడుగుతారు. అమ్మ కట్టిన పేలికకి ముడి ఎక్కడుందో నాకు కనబడేది, వెనకనుంచి వెళ్లి వదులు చేసేవాణ్ని. ఈ కొత్త కట్టుకి ముడి ఎక్కడుందో వెతుకుతున్నాను. చూపు ఆనడంలేదు.