నీళ్ళ కింద కట్టిన బెండు

అతన్ని అందరూ మూడువేళ్ళాయన అంటారు. మిగతా రెండు వేళ్ళూ, కుర్రతనంలో చేపల మీదకు విసరబోయిన, పేలుడు మందు కూరిన సీసా చేతిలోనే పేలి ఎగిరిపోయాయి. ఆ దెబ్బతో బుద్ధొచ్చి, సముద్రంలో మునిగిపోయిన సరుకుల ఓడను చూడవచ్చేవాళ్ళకు గాలి సిలిండర్లు తగిలించి కిందికి తీసుకెళ్ళే పనిలో కుదిరాడు. ఆ ఓడ ఇనుమంతా పగడం పట్టి, చేపలతో కిటకిటలాడుతుండేది. భార్య కూడా అదే పని నేర్చింది. నీళ్ళలో తనకంటే ఆవిడకే గుండెనిబ్బరం ఎక్కువని అతనే నలుగురిలో చెప్పి మురిసిపోయేవాడు.

తమ్ముడు మాత్రం మందుసీసాలు పేల్చి చేపలు పట్టడం మానలేదు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది వదినే. ఆవిడ మీద ఒట్టేసి వాడు ఒక్క మాట ఇచ్చాడు: ఓడ మునిగిన చోట నీళ్ళ మీద ఎర్ర బెండు తేలుతుంటే లోపల మనుషులున్నట్టు, అప్పుడు సీసా వెయ్యడు. పదకొండేళ్ళు ఆ మాట తప్పలేదు.

ఆ ఏడు బయటి పడవలవాళ్ళు బెండును చూసి చోటు గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చి ఓడ మీద సీసాలు కుమ్మరించసాగారు. మూడువేళ్ళాయనకు ఒళ్ళు మండింది. ఒక పొద్దున, భార్య ముందుగా కిందికి దిగాక, ఎవరికీ కనబడకుండా బెండును రెండు బారల నీళ్ళ కింద కట్టేశాడు. భార్యకు చెబితే ఒప్పుకోదు. తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు.

భార్యాభర్తలిద్దరినీ దింపి, వాళ్ళ పడవ అతిథుల కోసం ఒడ్డుకు వెళ్ళింది. అతను ఓడ గదిలోనూ ఆవిడ బయటా, ఓడకు చిక్కుకున్న తెగిన వలలు కోస్తున్నారు. ఉన్నట్టుండి సముద్రం అతని రొమ్ము మీద గుద్దింది. పగడం పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపడింది. పొట్టలు పగిలిన చేపలు కుప్పగా రాలాయి. బయటికొచ్చేసరికి భార్య వెల్లకిలా తేలుతోంది, రెండు చెవుల్లోంచీ నెత్తురు. నోట్లోంచి జారిన గాలిగొట్టం మళ్ళీ కుక్కి, ఆవిణ్ణి కరుచుకుని పైకి లేచాడు. ఒక్కసారిగా లేస్తే ఊపిరితిత్తులు పగులుతాయి. పైన తమ్ముడి పడవ అడుగు కనబడుతూనే ఉంది, అయినా మెల్లగానే లేవాలి. పళ్ళు నూరుకుంటూ లేచాడు.

పడవలోకి ఎక్కించగానే తెడ్డు అందుకున్నాడు. తమ్ముడి భుజం విరిగేదాకా కొట్టాడు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"బెండు లేదన్నా. మూడుసార్లు చుట్టూ తిరిగి చూశాను. బెండు లేదు."

మూడువేళ్ళాయన తెడ్డు కింద పడేశాడు.

ఆవిడ బతికింది గానీ చెవులు పోయాయి. మరిది మూడు రోజులుగా ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. వాణ్ణి లోపలికి రానిస్తే ఊరుకోనని ఆవిడ అరుస్తోంది. తన గొంతు తనకే వినబడక, వార్డంతా ఉలిక్కిపడేలా అరుస్తోంది.

మంచం పక్కన కూర్చుని అతను నిజం చెప్పేశాడు. ఆవిడ అతని పెదవులకేసి చూసి, అర్థం కాక, నీళ్ళ కింద మాట్లాడుకోవడానికి వాడే పలక అతని చేతిలో పెట్టింది. ఆ మూడువేళ్ళ మధ్య పెన్సిలు బిగించి రాశాడు.

"బెండు నేనే ముంచాను."

ఆవిడ చదివింది. పలక లాక్కుని అతని మొహం మీద కొట్టింది. పెదవి చిట్లి నెత్తురు కారింది. మళ్ళీ కొట్టింది.

తర్వాత గోడ పట్టుకుని లేచి, తూలుకుంటూ మెట్ల దగ్గరికి నడిచింది, మరిదిని లోపలికి పిలవడానికి. పట్టుకోబోతే అతని చెయ్యి విదిలించేసింది.