మా ఇంట్లో ఏడ్చిన ఇటలీ ఆవిడ

ఇటలీ ఎక్కడుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పటంలో వేలుపెట్టి చూపిస్తే చూస్తాను, మర్నాటికి మర్చిపోతాను. కానీ ఆ దేశపు ఆడమనిషి ఒకావిడ చీరాల దగ్గర మా పల్లెలో, మా వసారాలో, మా అమ్మ పక్కన కూర్చున్నట్టే రెండేళ్లపాటు ఏడ్చింది. ఆవిడ పేరు తెలియదు. అక్కడ పేరుమోసిన గాయని అని, ఆవిడ పాడుతుందంటే జనం విరగబడేవాళ్లని విన్నాను. మా ఇంటికి మాత్రం పాడటానికి రాలేదు.

మేము దూదేకులవాళ్లం. పత్తి పండే నేల కాబట్టి మా నాయనకీ మా అన్నకీ పనికి కొదవలేదు. ఎండాకాలం వస్తే ఇళ్లవాళ్లు పాత పరుపులు విప్పించి దూది మళ్లీ ఏకించుకునేవాళ్లు. నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ పోవడం, వాళ్ల వసారాలో కూర్చుని కొయ్యతో నారిని కొడుతూ ఉండలు కట్టిన దూదిని విప్పడం, పొద్దుగూకేసరికి కనుబొమలతో సహా తెల్లబడి ఇంటికి రావడం. అలా వస్తున్న మా అన్నను చూసి వీధిలో పిల్లలు ముసలాడొచ్చాడని ఎగతాళి చేసేవాళ్లు. అన్నకు ముసలితనం అలా మాత్రమే వచ్చింది.

చీరాలలో పొగాకు కంపెనీ దొర ఒకాయన బంగళా ఉండేది. స్వరాజ్యం వచ్చి పదేళ్లు కావస్తున్నా ఆయన ఇంకా పెట్టె సర్దలేదు. ఒక ఎండాకాలం ఆ బంగళాలో పరుపులన్నీ ఏకడానికి అన్న వెళ్లాడు. విల్లు మోత భరించలేక దొరసాని లోపల గ్రామఫోను పెట్టేది. ఆ పాట వినడానికి అన్న విల్లు ఆపేవాడు. మోత ఆగింది కదా అని ఆవిడ గ్రామఫోను ఆపేది. పాట ఆగింది కదా అని అన్న మళ్లీ కొట్టేవాడు. వారంలో తేలాల్సిన పని నెలపట్టిందని మా నాయన తిట్టాడు. చివరికి బట్లరు సంగతి కనిపెట్టి దొరసానికి చెబితే ఆవిడ నవ్వి, పని అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని వినమన్నదట. మరుసటి సంవత్సరం దొర కుటుంబం వాళ్ల దేశానికి వెళ్లిపోతూ, ఇంట్లో సామాను తలా ఒకటి పంచినప్పుడు, ఆ గ్రామఫోనునూ ఒక కట్ట ప్లేట్లనూ మా అన్నకిచ్చింది. దూది మధ్య పెట్టి, గుడ్డుని తెచ్చినట్టు తెచ్చాడు.

అన్నీ ఆడవాళ్ల పాటలే. బట్లరు చెప్పిన ముక్కలు అన్న మాకు చెప్పేవాడు. అవి ఇటలీ దేశపు నాటకాల్లోవట. మన నాటకాల్లో పద్యాల్లాగా, వాళ్లవాటిల్లో ఆడమనిషి చచ్చిపోయే ముందు చాలాసేపు పాడుతుందట. మా నాయన ఊరుకోలేదు. మన దగ్గర మాత్రం తక్కువా, జనం వన్స్‌మోర్ అని కేకేస్తే చచ్చిపడిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, ఆ పద్యమే మళ్లీ పాడి మళ్లీ చస్తాడు కదా అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ అయితే కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది.

మొదటిసారి వసారాలో ప్లేటు పెట్టిన సాయంత్రం ఇంకా తమాషా జరిగింది. కట్టలో అన్నకు అన్నిటికన్నా ఇష్టమైన ప్లేటు అది. ఆ గొంతు కిందనుంచి మెల్లగా లేచి, పైకి పోయి, అక్కడ నిలబడి వణికింది. అంతే, పక్కింటి రైతుల ఆడవాళ్లు పొయ్యి మీద కూరలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఒకావిడ కొప్పు విప్పుకుంటూనే వచ్చింది. ఎవరమ్మా పోయింది అని అడిగారు. మా వైపు చావుంటే ఆడవాళ్లు రాగం తీసి, పోయినవాళ్ల మంచి చెప్పుకుంటూ శోకాలు పెడతారు. వాళ్లకు ఆ పాట అచ్చం అలాగే వినపడింది. సంగతి తెలిశాక కోపం తెచ్చుకుని, పొద్దుగూకే వేళ ఇదేం అపశకునమని అన్నను దులిపేసి వెళ్లారు.

అన్న మానలేదు. పని లేని మధ్యాహ్నాల్లో అమ్మను కూర్చోబెట్టి వినిపించేవాడు. ఏమంటుందిరా అని అమ్మ అడిగితే, ఏమంటే మనకెందుకు, ఎట్టా అంటుందో చూడు అనేవాడు. ఒక్కొక్క ప్లేటులో గొంతు ఎలా వేరో చెప్పేవాడు. ఒకావిడ మెట్లెక్కినట్టు పాడుతుంది, ఒకావిడ ఊయలెక్కినట్టు. ఆ మొదటి ప్లేటు ఆవిడ మాత్రం ఏమీ ఎక్కదు, ఉన్నచోటే ఉండి మనల్ని లాగుతుంది అనేవాడు. చదువు లేనివాడికి ఇవన్నీ ఎవరు నేర్పారో నాకు తెలియదు.

అన్నకు దగ్గు ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు. దూదేకేవాళ్లకు దగ్గు ఉండనే ఉంటుంది. ఆ ఏడు మిరపకాయ బాగా పండింది. ఊరి చుట్టూ కళ్లాలన్నీ ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ ఘాటుకు ఊళ్లో ప్రతివాడూ దగ్గుతూనే ఉన్నాడు. ఊరంతా దగ్గే రోజుల్లో ఒకడి దగ్గు ఎవరు పట్టించుకుంటారు? కాయ బస్తాలకెక్కి, ఊరి దగ్గు తగ్గాక అన్న దగ్గు ఒక్కటే మిగిలింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఛాతీ అంతా పాడయిందని, దూది జోలికి పోవద్దని చెప్పారు. దూది జోలికి పోని దూదేకులవాడు ఏం తిని బతుకుతాడో వాళ్లు చెప్పలేదు. అన్న మళ్లీ విల్లు పట్టాడు. మళ్లీ మిరపకాయలు కళ్లాలకు రాకముందే పోయాడు. తెల్లవారి, ఎండెక్కాక, అమ్మ ఒళ్లోనే పోయాడు.

అమ్మ నోరు తెరిచింది. నాయన ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"నోరు చేసి ఏడవమాక. వాడికి అక్కడ బాధయిద్ది."

చీరాలనుంచి వచ్చే ముల్లాసాహెబు ఒకాయన, అంతకుముందు ఎవరింట్లోనో చావప్పుడు, కన్నీళ్లు తప్పు కాదు కానీ గుండెలు బాదుకుని శోకాలు పెట్టకూడదని చెప్పాడు. ఆయన మెత్తటి మనిషి. ఆయన చెప్పింది అదైతే, ఏడుపు చప్పుడు పోయినవాళ్లకు బాధని మా నాయన పట్టుకున్నాడు. నాయనదీ తప్పని అనలేను. కొడుక్కి ఇంక చేయగలిగింది అదొక్కటే అనుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. శోకాన్ని మింగింది సరే, దాంతోపాటు కన్నీళ్లు కూడా లోపలికే పోయాయి. ఇంట్లో చప్పుడు లేకపోవడంతో ఇరుగుపొరుగుకు తెలియలేదు. నేనే గడప గడపకూ పోయి మా అన్న పోయాడని చెప్పాను. ఏడుపు వినపడలేదే అని ఒకావిడ అనుమానంగా అడిగింది. ఉత్త ప్లేటుకు పరుగెత్తుకొచ్చిన మనిషే.

ఆ తరువాత అమ్మ మాట్లాడటం తగ్గింది. అన్నం ముందు పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. కళ్లు ఎప్పుడూ ఎండిపోయే ఉండేవి, రెప్ప వేయడం కూడా మర్చిపోయినట్టు చూసేది. ఎదురింటి ముసలమ్మ నాయనను పట్టుకుని, దాన్ని ఏడిపించండిరా, లేకపోతే పిచ్చెక్కుద్ది అన్నది. అన్న సంగతులు చెప్పి చూసింది, అన్న చొక్కా తెచ్చి ఒళ్లో పెట్టింది. అమ్మ ఆ చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది. నాకు భయం పట్టుకుంది. అన్న పోయాడు, అమ్మ కూర్చున్నచోటే పోతూ ఉంది, ఆపే దారి ఎవరికీ తెలియడంలేదు.

నలభయ్యో రోజు, పోయినవాడి పేరున చదివించే ఫాతెహా అయి చుట్టాలు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం అమ్మ తనంతట తానే లేచి గ్రామఫోను తీసింది. దాని పిడి తిప్పడం అన్న పక్కన కూర్చుని ఎప్పుడు నేర్చుకుందో. ఆ ప్లేటే పెట్టింది. గొంతు లేచి, పైకి పోయి, నిలబడి వణికేసరికి అమ్మ రెండు కళ్లనుంచీ నీళ్లు ధారకట్టాయి. నోట్లోంచి మాత్రం చిన్న శబ్దం కూడా లేదు. నాయన గుమ్మంలో నిలబడిపోయాడు. అమ్మ ఆయనవైపు తిరిగి, చాలా రోజుల తరువాత పూర్తి మాట మాట్లాడింది.

"నేను ఏడవట్లా. ఆవిడ ఏడుస్తంది. నేను వింటన్నా."

నాయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

ఇక రోజూ అదే. కొడుకు పోయి ఏడాది తిరగలేదు, పాటలు పెట్టుకుని కూర్చుందని ఊరు నోళ్లు నొక్కుకుంది. ఎవరో ముల్లాసాహెబు చెవిన కూడా వేశారు. ఆయన ఒకరోజు వచ్చి వసారా అంచున కూర్చుని, తలవంచుకుని, ప్లేటు అయిపోయేదాకా విన్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. ఆవిడకూ కొడుకే పోయుంటాడు అని అమ్మ ఆయనతో అన్నది. అయుండొచ్చమ్మా అని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కానీ గ్రామఫోనుకు ముల్లు కావాలి. దొరసాని ఇచ్చిన డబ్బీలో ఉక్కు ముళ్లు త్వరగానే అయిపోయాయి. ఒక్కొక్క ముల్లునూ ఒక్కసారే వాడి పారేయాలని మాకు తెలియదు. మొద్దుబారితే నాయన సానరాయి మీద నూరి పదును పెట్టి ఇచ్చేవాడు. అవును, నాయనే. అడగకుండానే నూరి, గ్రామఫోను పక్కన పెట్టి పోయేవాడు. ఆ నూరిన ఉక్కు ప్లేటును కోసేస్తోందని మాకెవరు చెబుతారు? గొంతు చుట్టూ మొదట కొంచెం ఇసుక రాలినట్టు వినపడింది. తరువాత చేటతో చెరుగుతున్నట్టు వినపడింది. తరువాత ఆ చెరుగుడు వెనక ఎక్కడో ఆవిడ. ఉక్కు పనికిరాదని నాయన తుమ్మముళ్లు కోసుకొచ్చి, ఎండబెట్టి, బిగించి చూశాడు. తుమ్మముల్లు ప్లేటు మీద మెత్తగానే నడిచింది కానీ, పాట అప్పటికే మొత్తం అరిగిపోయింది. అమ్మ చెవిని పెట్టెకు ఆనించి వినేది.

అప్పుడు నాయన ఆ ప్లేటును దూది మధ్య పెట్టి, గుడ్డలో చుట్టి, గుంటూరు వెళ్లాడు. ప్లేట్లు అమ్మే కొట్లన్నీ తిరిగాడట. ఇలాంటిది ఇంకొకటి కావాలంటే వాళ్లు సినిమా పాటలు చూపించారట. పేరేమిటని అడిగితే ఏం చెబుతాడు? ప్లేటు మధ్య కాగితం మీద అక్షరాలు మావాళ్ల చేతులకు ఏనాడో చెరిగిపోయాయి. ఒక కొట్టాయన జాలిపడి కరెంటు మిషను మీద పెట్టి, కాసేపు విని, ఇందులో ఏమీ లేదు పెద్దాయనా అన్నాడట. నాయన ఇదంతా వాకిట్లో నిలబడి, అమ్మ మొహం చూడకుండా చెప్పాడు. చెప్పి, గుడ్డ విప్పి, ప్లేటు అమ్మ ఒళ్లో పెట్టి, అక్కడే చతికిలబడి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. ఆయన వీపు కదలడం చూశాను. చప్పుడు చేయకుండా ఏడవడం ఆయనకూ బాగానే వచ్చింది.

అమ్మ ఆ మధ్యాహ్నం కూడా ప్లేటు పెట్టింది. చెరుగుడు తప్ప ఏమీ లేదు. ముల్లు చివరిదాకా పోయి తిరుగుతూ ఉంటే తీసి, మూత వేసింది.

"ఏడ్చి ఏడ్చి ఆవిడకూ గొంతు పోయింది. ఇంక నాకెవరున్నారు?"

నేనున్నాను. పక్కనే ఉన్నాను. ఆ మాట చెప్పినా అమ్మకు ఏం పనికొచ్చేది కాదు. కట్టలో మిగిలిన ప్లేట్లు బాగానే ఉన్నాయని, ఒకటి తీసి పెట్టాను. ఊయలెక్కినట్టు పాడే ఆవిడది. అమ్మ కాసేపు విని చేయి అడ్డం పెట్టింది. ఈవిడ పాడుతుంది, ఆవిడ ఏడ్చేది అన్నది. నాటకంలో రాజుకు వన్స్‌మోర్ ఉంటుంది. మా ఇంట్లో ఎవరికీ లేదు, చివరికి ప్లేటులో ఉన్న మనిషికి కూడా లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ దేవుడి మీద మండిపోతుంది.

తరువాత అమ్మ కళ్లనుంచి నీటిచుక్క రావడం నేను చూడలేదు. నా పెళ్లిలోనూ ఆ చుక్క రాలేదు, నాకు బిడ్డ పుట్టినప్పుడూ రాలేదు. ఆ ఎండిన కళ్లతోనే ఇంకొన్నేళ్లు వంట చేసింది, దూది విడదీసింది, నాయనకు అన్నం పెట్టింది. ఒక ఎండాకాలం నేను చూడటానికి వచ్చి ఉండగా, పగలు, వసారాలో పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయింది. నాయన నావైపు చూశాడు. ఈసారి ఆయన ఏమీ వద్దనలేదు. నేను నోరు తెరిచాను కానీ శోకం ఎలా మొదలుపెట్టాలో నాకు రాలేదు. మా ఇంట్లో అది ఎవరూ నేర్పలేదు.

చప్పుడు లేదు కాబట్టి ఎవరూ రాలేదు. కొంగు సర్దుకుని, మళ్లీ నేనే గడప గడపకూ పోయి, మా అమ్మ పోయిందని చెప్పాను.