ఊడ్పు గింజలు

ముప్పై ఏళ్లకు పైగా ఒక చావును మోస్తున్నాను. ఒక చావును, ఒక అబద్ధాన్ని. ఆ బరువుతోనే అన్నం తిన్నాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, తీర్థాలు తిరిగాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నిజాం కాలం. యుద్ధం నడుస్తోంది, తిండిగింజలకు కరువు. దేవరకొండలో మాకు జొన్నల కొట్టు ఉండేది. మా ఆయన పోయాక నేనే నడిపాను. గింజలున్న చోట ఎలుకలు తప్పవు, ఎలుకల మందూ తప్పదు. ఆ మందు విషయంలో మా ఆయన చాలా గట్టి మనిషి. బొరియల లోపలికి తోసి, పైన బంకమట్టితో మూయించేవాడు. పనివాళ్లందరినీ పిలిచి చెప్పేవాడు. మూడు రోజులపాటు ఊడ్చిన చెత్తంతా గుంత తీసి పూడ్పించేవాడు. మన కొట్టులో ఆకలితో ఉన్నవాళ్లు తిరుగుతారు, అది మరిచిపోకు అని నాతో అనేవాడు. నేను మరిచిపోలేదు. అదే నా పాపం.

బాలమ్మ మా కొట్టు ఊడ్చేది. ఆమె అత్త ఎల్లవ్వ జొన్నల్లో రాళ్లు ఏరేది. ఎల్లవ్వకు చూపు ఆనదు, వేళ్లతో తడిమి ఏరేది. పొద్దున కోడలి భుజం పట్టుకొని వచ్చేది, సాయంత్రం అలాగే పోయేది. నేల మీద రాలి, ఊడ్పులో వచ్చిన గింజలు వాళ్లవి. మా మామగారి కాలం నుంచీ ఉన్న వాడుక అది.

ఆ పిడికెడు గింజల మీద నా కన్ను పడింది. బాలమ్మ కావాలనే బస్తాల మూతులు వదులు చేస్తోందని అనుకున్నాను. చూశానా? లేదు. అడిగితే, బేరగాళ్లందరి ముందూ, ఊడ్పులు ఎప్పటినుంచో తమవేనని చెప్పింది. గొంతు కూడా పెంచలేదు. తలెత్తి చెప్పింది, అంతే. ఆ తల ఎత్తడమే నన్ను గుచ్చింది.

ఆ వారమే మందు కలిపాను. బొరియల్లో పెట్టలేదు. నూకల్లో కలిపి, గోడ వారగా నేల మీదే చల్లాను. ఎవరికీ చెప్పలేదు. చంపాలనుకున్నానా? రెండు రోజులు కడుపు పట్టుకొని పడి ఉంటే మళ్లీ ఊడ్పుల జోలికి రారని, అంతకు మించి ఏమీ తలచలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఎలుకను చంపేది మనిషిని ఏం చేస్తుందో తెలియనిదాన్నా? తెలుసు. బాలమ్మ ఊడ్చింది, చెరిగింది, కొంగున కట్టుకుంది. నేను గద్దె మీద కూర్చొని చూస్తూనే ఉన్నాను. పారెయ్యమని ఒక్క మాట అంటే చాలు. తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి గడప బయట నిలబడింది.

"అమ్మా, మా అత్త నిన్న పొద్దుగూకిన సంది వాంతులు చేసుకుంటాంది. ఏం తిన్నదో తెలిస్తే మందిస్తనంటున్నడు వైద్యుడు. గా ఊడ్పులల్ల ఏమన్న కలిసిందా? మీ కాల్మొక్కుత, జర నిజం చెప్పున్రి."

"నా కొట్ల ఏం కలుస్తదే? నువ్వేం వండి పెట్టినవో నువ్వే చూస్కో."

ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, వచ్చినంత వేగంగా వెనక్కి పరుగెత్తింది. నా మాట నమ్మింది. మధ్యాహ్నానికి ఎల్లవ్వ పోయింది.

వాడలో పెద్దలు కూర్చున్నారు. గింజలు ఒక్కరికే సరిపోతాయని, వాటితో జొన్న గటక కాచి అత్తకు పెట్టి తాను నీళ్లు తాగి పడుకున్నానని బాలమ్మే చెప్పిందట. ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది. అందులో విషముందని తెలుసు కాబట్టే తాను తినలేదన్నారు. నా దగ్గరికీ వచ్చి అడిగారు. కొట్టులో మందే పెట్టలేదన్నాను. అక్కడితోనైనా ఆగానా? అత్తాకోడళ్లకు పడదని, నా ముందే తిట్టుకున్నారని, వాళ్లు అడగని మాట కూడా కల్పించి చెప్పాను. భుజం పట్టుకొని నడిచిన ఆ ఇద్దరి గురించి.

బాలమ్మ మొగుడు అందరి ముందూ ఆమెను కొట్టి, కట్టుబట్టలతో ఊరు దాటించాడు. నేను ఆ నెలలోనే కొట్టు కడిగించి, బొరియలు బంకమట్టితో మూయించి, పనివాళ్లను వరసగా నిలబెట్టి మందు గురించి జాగ్రత్తలు చెప్పాను. నా అంత జాగ్రత్త గల మనిషి లేదని ఊళ్లో పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగానే ఉండింది. ఇది కూడా ఒప్పుకోవాలి.

రెండేళ్ల తర్వాత సవారి బండిలో కొత్తకోట మీదుగా పోతున్నాను. రోడ్డు పక్కన కంకర కొట్టే ఆడవాళ్లలో ఆమె కనిపించింది. ముప్పై కూడా నిండని మనిషి, సగం జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, సుత్తె కింద పెట్టి, లేచి దండం పెట్టింది. నేను తెర దించి, బండి తోలమన్నాను.

తర్వాత ఎన్నడూ ఆమెను వెతకలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, ఆ ఇద్దరి ముందు నిలబడే మొహం నాకు లేదు. పేర్లతో సహా ఒక్కసారి రాయాలనుకున్నాను. ఎల్లవ్వను చంపింది బాలమ్మ కాదు. నేను.

రాశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.