దమ్మున్న గుర్రం

జడ్చర్ల స్టేషన్ ముందు టాంగా తోలే గుర్వయ్యకు ఉబ్బసం. ఆ ఊళ్లో దాన్ని దమ్ము అంటారు. గుండె ధైర్యాన్నీ, ఒంటి సత్తువనూ కూడా దమ్మే అంటారు. అన్నిటికీ ఒకే మాట కావడంతో గుర్వయ్య నలభై ఏళ్ల వయసులో ఒక గుర్రం దగ్గర చిక్కుకుపోయాడు.

అది పందొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం. ఉగాదికి ముందు అతని పాత గుర్రం చచ్చిపోయింది. ఖాళీ టాంగా వాకిట్లో రెండు కర్రలూ పైకెత్తి దేవుడితో మొర పెట్టుకుంటున్నట్టు నిలబడి ఉండేది. దాని సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టసాగాయి. గుర్వయ్య భార్య జంగమ్మ ఆ గుడ్లు వండి, “ఇగో, నీ టాంగా కిరాయి వచ్చింది, తిను,” అనేది.

వేరే పని దొరక్క కాదు. పల్లి మిల్లులో హమాలీగా సోమవారం నుంచి రమ్మన్నారు. కానీ ఆ మిల్లులో పల్లి పొట్టు దుమ్ము మబ్బులా లేస్తుంది. ఆ వీధిలో నడిస్తేనే గుర్వయ్య ఛాతీలో పిల్లి పిల్లలు కూసేవి. లోపలికి వెళ్తే అతను బస్తాలు మొయ్యడం అటుంచి, అతన్నే నలుగురు మోసుకురావాలి. సోమవారం లోపు గుర్రం దొరకాలి, లేదంటే మిల్లే గతి.

శనివారం మొగుడూ పెళ్లాలిద్దరూ కాటమయ్య ఇంటికి వెళ్లారు. కాటమయ్య వయసు మీద పడి టాంగా మానుకుని, తన గుర్రాన్ని అమ్మకానికి పెట్టినవాడు. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని అతని నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి లేచిందట. అందుకే అతని మాటంటే బజారంతటికీ గురి. అతని ఇల్లు మిల్లు ప్రహరీకి ఆనుకునే ఉంది.

“గుర్రం మంచిదేనా కాటమన్నా?”

“దమ్మున్న గుర్రం,” అన్నాడు కాటమయ్య ఆకాశం వైపు చూస్తూ.

“నిజంగనా?”

“గీ పాలమూరు జిల్లా మొత్తం తిరుగు. దీనికున్నంత దమ్ము ఇంకో గుర్రానికి లేదు. ఒట్టు!”

గుర్వయ్య పొంగిపోయి గుర్రం మెడ నిమిరాడు. అది దగ్గింది. పాత హార్మోనియం మెట్లన్నీ ఒక్కసారే నొక్కినట్టుంది ఆ దగ్గు. వెంటనే గుర్వయ్యకూ దగ్గొచ్చింది. గుర్రం అతని వైపు ఆప్యాయంగా చూసి మళ్లీ దగ్గింది. గుర్వయ్య బదులిచ్చాడు.

జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏం బావా, గిదేనా నువ్వు చెప్పిన దమ్ము?”

“నేనేమన్న అబద్ధమాడిన్నా? దమ్మున్నదన్న. ఉన్నది.” కాటమయ్య నాలుక బయటపెట్టి చూపించాడు. పుండు లేదు.

“పోదాం పా,” అంది జంగమ్మ మొగుడితో. “నీ ఒక్కని దమ్ముకే నాకు నిద్ర లేదు. ఇద్దరి ఛాతికి నూనె రాయనీకి నేనేమన్న గానుగల పుట్టిన్నా?”

గుర్వయ్య కదల్లేదు. గోడ అవతల మిల్లు గరగరమంటోంది. “ఒక్క దినం తోలి చూస్తనే,” అని ఆమెను బతిమాలి, గుర్రాన్ని ఇంటికి తోలుకుపోయాడు.

ఆదివారం పొద్దున కోళ్లను లేపి టాంగా కట్టాడు. గుర్రం పడిపోతే లేపడానికని జంగమ్మ వెనక ఎక్కింది. రైలు గేటు దాకా వెళ్లారు. ఊరి బయట చెల్క పొలాల దారిలో ఇంకో మైలు వెళ్లారు. ఎంతసేపటికీ ముందు నుంచి ఒక్క దగ్గూ వినబడకపోయేసరికి జంగమ్మకు భయమేసింది.

“ఓ అయ్యా! సప్పుడు లేదేంది? బతికే ఉన్నరా ఇద్దరు?”

ఇద్దరూ బతికే ఉన్నారు. గుర్రం తోక ఊపుతోంది. గుర్వయ్య ఈల వేస్తున్నాడు, నోటితోనే.

తిరుగు దారిలో కాటమయ్య వీధి మలుపు తిరగగానే గుర్వయ్య ఛాతీలో పిల్లి పిల్లలు లేచాయి. పది అడుగులు పోయాక హార్మోనియం మొదలైంది. గుర్వయ్య టాంగా ఆపాడు. గుర్రాన్ని మలుపు దాకా వెనక్కి నడిపించాడు. కాసేపటికి ఇద్దరికీ నెమ్మదించింది. ముందుకు తోలాడు. ఇద్దరూ దగ్గారు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న కాటమయ్యకు మతిపోయింది. “ఏందిరా గది? టాంగా తోలుతున్నవా, ఉయ్యాల ఊపుతున్నవా?”

“కాటమన్నా!” అని అరిచాడు గుర్వయ్య ఆయాసపడుతూనే. “దీనికున్నది దమ్ము కాదే! దుమ్ము!”

జంగమ్మ దిగి కాటమయ్య కొట్టంలోని గడ్డి పిడికెడు తీసి దులిపింది. పల్లి పొట్టు గుప్పుమని లేచింది. “గిదా కథ!” అంది ముక్కు మూసుకుని మొగుడితో. “మనకాడికొస్తే గడ్డికి నీళ్లు చల్లి పెడత. నీకు సల్ల గంజి, దానికి తడి గడ్డి. తీస్కో అయ్యా, ఇంకేం సూస్తున్నవు?”

“తీస్కుంటున్న,” అన్నాడు గుర్వయ్య.

కాటమయ్య మాత్రం పాలిపోయాడు. “అంటే... దీనికి దమ్ము లేదా? నేను ఒట్టేసి చెప్పింది అబద్ధమా?” వేలితో నాలుక తడుముకున్నాడు. మూడు రోజుల పాటు మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదని తర్వాత తెలిసింది.

సోమవారం మిల్లు కూత వేసే వేళకు గుర్వయ్య స్టేషన్ ముందున్నాడు. “గుర్రానికి దమ్మున్నదా?” అని అడిగిన ప్రతివాడికీ, “లేదు సారు, రవ్వంత గూడ లేదు!” అని ఛాతీ విరిచి చెప్పేవాడు. సగం మంది దిగి పక్క టాంగా ఎక్కేవారు. జంగమ్మ ఎంత మొత్తుకున్నా అతనా జవాబు మార్చలేదు.