దేశం తరఫున మోకరించిన అక్క

నా చిన్నప్పుడు, తొంభైల నడుమ, చిక్కడపల్లిలోని మా గల్లీకి దేశభక్తి ఏడాదికి రెండు పొద్దులు వచ్చేది. జెండా కర్రకు తెల్ల సున్నం, పిల్లలకు చాక్లెట్లు, మైకులో కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు గారి ఉపన్యాసం. పది గంటలకల్లా అది ముగిసేది. మిగతా ఏడాదంతా ఆ దేశభక్తులే తమ ఇంటి చెత్తను పక్కింటి గోడ అవతల పారబోసేవారు.

ఆ ప్రెసిడెంటు గారి మేడ మీది గదిలో కిరాయికి ఉండేది మా పక్కింటి అక్క. నారాయణగూడలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. క్రైస్తవురాలు. బుధవారం సాయంత్రాలు ఆమె గదిలో కొందరు చేరి కూడిక పెట్టుకునేవారు. పాటలు, వాక్యం, ఆఖరున ఒక్కొక్కరూ బిగ్గరగా ప్రార్థన. వాళ్ళలో ఒక వాడుక ఉండేది: సొంత పాపాలు ఒప్పుకున్నాక ఊరి పాపాలు, దేశం పాపాలు కూడా తమవిగానే ఒప్పుకునేవారు.

ఒక ఏడు ఆగస్టు వానలకు మా గల్లీ డ్రైనేజీ పొంగింది. ప్రెసిడెంటు గారు పాలమూరు నుంచి వచ్చిన ఒక కూలీని మ్యాన్‌హోల్‌లోకి దింపించారు. విషవాయువుకు అతను లోపలే పడిపోయాడు. బయటికి లాగాక అక్కే రోడ్డు మీద కూర్చుని, ఊపిరి ఊది, స్పృహ తెప్పించింది. బతికాడు. ఈ సంగతి గల్లీ దాటకూడదని పెద్దమనుషులు తీర్మానించారు. వాళ్ళ తీర్మానాల్లో నిజంగా అమలయ్యేవి ఇలాంటివే.

ఆ బుధవారం అక్క కిటికీ తెరిచే ప్రార్థించింది. "ప్రభువా, మా దేశాన్ని క్షమించు. మనిషిని మోరీల దించి చూస్కుంట నిలబడ్డం. మమ్మల్ని క్షమించు."

నేను నాస్తికుణ్ణి. ఆ ప్రార్థన పైన ఎవరూ వినలేదనే ఇప్పటికీ అంటాను. కింద మాత్రం ప్రెసిడెంటు గారు విన్నారు. తమకు తగిలిన దెబ్బను దేశానికి తగిలినట్టు చూపించడం ఆ బాపతు మనుషులకు పుట్టుకతో వచ్చిన విద్య.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగరేశాక ప్రెసిడెంటు గారు ఆమెను మైకు ముందుకు పిలిచారు.

"ఏందమ్మా, ఈ దేశం తిండి తినుకుంట ఈ దేశాన్నే తిడ్తవా? అందరి ముంగట మాఫీ అడుగు. లేకుంటే రూం ఖాళీ చెయ్యి. గంత కష్టమైతే ఇంగ్లండ్ పో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క కూడా నవ్వింది.

"ఇంగ్లండ్ నేనెట్ల పోత అంకుల్? మాది వనపర్తి."

తర్వాత ఆమె నవ్వలేదు. "పక్కదేశం పాపాలు నేనెన్నడన్న ఒప్పుకున్ననా? నాది అనుకున్నదాని కోసమే గద మోకాళ్ళ మీద పడేది. నేను అడగాల్సిన మాఫీ దేవుణ్ణి అడిగిన. మోరీల దిగిన ఆ తమ్ముణ్ణి మీరు అడుగుండ్రి."

ప్రెసిడెంటు గారు వెంటనే జాతీయ గీతం మొదలుపెట్టించారు. ఇరకాటంలో పడ్డవాళ్ళకు అది మంచి అడ్డు. అక్క కదలకుండా నిలబడి చివరి మాట దాకా గొంతెత్తి పాడింది. ఆయనకు సగం నుంచి పెదవులు మాత్రమే కదిలాయి. మాటలు రావు పాపం.

నెలాఖరుకు ఆమె గది ఖాళీ చేసి నల్లకుంట వెళ్ళిపోయింది. సామాను రిక్షాకెక్కుతున్నంతసేపూ పెద్దమనుషుల తలుపులన్నీ మూసే ఉన్నాయి, మా నాన్న మూయించిన మా ఇంటి తలుపుతో సహా.

ఆమె దేవుణ్ణి నేను తీసుకోలేదు. ఆమె పద్ధతి తీసుకున్నాను. ఈ దేశాన్ని ప్రేమిస్తున్నానని సభల్లో ఈ రోజుకీ చెబుతాను. కానీ ముందు దాని తప్పులు, వాటిలో నా వాటా చెప్పి, తర్వాతే ఆ మాట అంటాను. ఆ మొదటి సగం వినలేక లేచి వెళ్ళిపోయే దేశభక్తులు ప్రతి సభలోనూ ఉంటారు. వాళ్ళను కూర్చోమని నేనెప్పుడూ అడగలేదు.