చెవిగారి దుప్పటి పరీక్ష

చెవిగారి అసలు పేరు ఆయన కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన చెవిగారే. ఎదురుగా అలా పిలిచినా ఆయనకి కోపం రాదు సరికదా, కాస్త ఛాతీ విరుచుకుని మరీ పలుకుతారు. పాత లౌడ్‌స్పీకర్లు బాగుచెయ్యడం ఆయన పని. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. రెండింటి మధ్యా గోడ ఉందంటారు గానీ, నేల నుంచి కప్పు దాకా పేర్చిన స్పీకరు పెట్టెల వల్ల ఆ గోడని చూసినవాళ్ళు తక్కువ.

స్పీకరు లోపల గరాటులా ఉండే కాగితపు కోను చిరిగితే పల్చటి కాగితం అతుకు వేసి, మళ్ళీ చిరిగిందేమో అన్నంత అనుమానంగా దాన్ని మూడు రోజులు చూసేవారు. అంచు చుట్టూ ఉండే స్పాంజి పొడి అయిపోయి రాలితే, కొత్తది కత్తిరించి జిగురు పెట్టి, అది ఆరేదాకా పక్కనే కూర్చునేవారు. తీగలు కలిపి టంకం పెట్టడం మాత్రం భార్య పని. ఆవిడ చెయ్యి వణకదు. ఆయన చెయ్యి వణుకుతుందని కాదు, టంకం పెట్టేటప్పుడు కూడా ఉపన్యాసం ఇవ్వకుండా ఉండలేరు.

బాగుచేశాక అసలు తంతు మొదలయ్యేది. ఆ స్పీకరుకి ఏ యాంప్లిఫయర్ నప్పుతుందో తేల్చాలి. ఇందులో చెవిగారిది ఒకటే పట్టు. మనిషి మెరిసే డబ్బాని చూడగానే చెవులు మూసుకుని కళ్ళతో వినడం మొదలెడతాడు, కాబట్టి డబ్బాని చూపించకూడదు. అందుకని కొట్టుకి అడ్డంగా తాడు కట్టి నీలం గళ్ళ దుప్పటి వేలాడదీసేవారు. దాని వెనక రెండుమూడు యాంప్లిఫయర్లు, ఒక మీటల పెట్టె, ఒక ముక్కాలిపీట, ఆ పీట మీద ఆవిడ. ముందు కుర్చీలో చెవిగారు కళ్ళు మూసుకుని, కుర్చీ చేతి మీద టకటకమని తట్టేవారు. వెనక ఆవిడ మీట మార్చేది. ఏ మీట ఏ డబ్బాదో ఆవిడకి తప్ప ఆయనకీ తెలియదు. అయినా ఆయన ఇట్టే చెప్పేసేవారు. పాముచెవులు మరి. గుమ్మం మీద బోర్డు కూడా అదే చెబుతుంది: ‘చెవితో చూసి ఇవ్వబడును.’

ఇంత వైభవంలోనూ ఒక రహస్యం ఉంది. ఏడాది కిందట ఒక పెట్టెలో ట్వీటర్ పలకడం మానేసింది. ట్వీటర్ అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు. చెవిగారు దాన్ని తీసి ఇంకోటి వేశారు. అదీ పలకలేదు. మూడోది వేశారు. అదీ మూగదే. నాలుగోదాని కోసం చెయ్యి చాచి, సగంలో ఆగిపోయారు. మూడూ ఒకేసారి చావవు కదా. వేలికొస మెల్లగా ట్వీటర్ మీద ఆనించి చూశారు. అది సన్నగా వణుకుతోంది, పాడుతోంది, ఆయనకే వినబడడం లేదు. అంత భయం ఆయన జీవితంలో ఎన్నడూ పడలేదు. ఆ భయాన్ని జేబురుమాలులా మడిచి లోపల పెట్టుకుని, భార్యకి కూడా చెప్పకుండా, రోజూ గట్టిగా ఉపన్యాసాలిస్తూ బతికేశారు.

ఇలా ఉండగా పళ్ళ డాక్టరుగారు తన తండ్రి వాడిన స్పీకర్లు రెండు బండి మీద వేసుకొచ్చారు. ఒక్కోటీ బీరువాంత ఉంది. చెవిగారికి వాటిని చూడగానే కళ్ళు చెమర్చాయి. రెండు నెలలు వాటితోనే గడిపారు. కోనుల అంచులు మార్చారు, పుచ్చిన చెక్క తీసేసి కొత్త చెక్క అతికారు, గుడ్డ ఉతికి బిగించారు. పొద్దున్నే లేవగానే ముందు వాటిని ఒకసారి నిమిరి, తర్వాతే పళ్ళు తోముకునేవారు.

ఎదురుగా కొత్త సామాను కొట్టు పెట్టుకున్న బావమరిదికి ఈ మురిపెం చూసి కడుపుబ్బరం. సరిగ్గా డాక్టరుగారు తన పెట్టెలు చూసుకోవడానికి వచ్చిన మధ్యాహ్నమే, నీలం దీపాలు మిణుకుమిణుకుమనే ఒక యాంప్లిఫయర్‌ని చంకన పెట్టుకుని దిగాడు.

“బావా, ఈ ఏనుగులకి నీ పాత వాల్వుల యాంప్లిఫయర్, ఆ గాజుబుడ్ల డబ్బా, తిండి పెట్టగలదా? డాక్టరుగారూ, పైపెట్టెలు ఉంచుకుందాం, లోపలి పాత సామానంతా పీకేసి కొత్తవి వేసిస్తాను. దానికి ఇదిగో, ఈ యాంప్లిఫయర్. చూశారా దీపాలు?”

“పాతకాలం స్పీకర్లురా ఇవి,” అన్నారు చెవిగారు. “తేలిగ్గా పలుకుతాయి. గుక్కెడు కరెంటు చాలు వీటికి. నువ్వు బిందె తెచ్చి నెత్తిన గుమ్మరిస్తానంటున్నావు.”

“కోతలొద్దు బావా. కట్టు నీ దుప్పటి. నీ గాజుబుడ్లదీ, నువ్వు చేత్తో కట్టినదీ, నాదీ, మూడూ వెనక పెడదాం. ఏది ఏదో చెప్పు. చెప్పలేకపోతే బోర్డు దింపు, ఈ పెట్టెలు నాకొదిలెయ్యి. డాక్టరుగారు సాక్షి.”

డాక్టరుగారు బుర్ర గోక్కున్నారు. “నాకు పళ్ళ సంగతి తెలుసు గానీ స్వరాల సంగతి తెలియదండీ. మీరేం తేలిస్తే అదే.”

చెవిగారికి ఏడాది కిందటి ట్వీటర్ గుర్తొచ్చింది. కానీ ఇన్నేళ్ళు బోర్డు కట్టుకున్న మనిషి ఎలా వద్దంటాడు? “సరే, కానీ నువ్వూ కూర్చో. నువ్వే ముందు చెప్పు,” అన్నారు. కాస్త వ్యవధి దొరుకుతుందని ఆశ.

తాడు మీదికి దుప్పటి ఎక్కింది. ఆవిడ నిశ్శబ్దంగా వెనక్కి వెళ్ళింది. తీగలు తగిలించే చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత వయొలిన్ రికార్డు మొదలైంది. చెవిగారు తట్టారు. టక్కుమని మీట పడింది. మళ్ళీ తట్టారు, మళ్ళీ టక్కుమంది.

బావమరిది కాలు మీద కాలేసుకుని తీర్పు చెప్పేశాడు. “ఒకటో నంబరు అటక మీద దుమ్ములోంచి వస్తున్నట్టుంది. అది బావ గాజుబుడ్లది. రెండోది చూడండి, అబ్బ! వయొలిన్ వాయించేవాడి చొక్కా గుండీలు కూడా కనబడుతున్నాయి. అది నాది. మూడోదానికి జలుబు. బావ చేత్తో కట్టింది.”

“అవునవును,” అన్నారు డాక్టరుగారు. “రెండోదానికి గదిలో కిటికీ తెరిచినట్టుంది.”

ఇప్పుడు అందరూ చెవిగారి వైపు తిరిగారు. ఆయనకి ఒకటీ రెండూ మూడూ ఒక్కలాగే వినబడ్డాయి. ఏదో ఒక వరస చెప్పేస్తే సరిపోవచ్చు. కుదిరితే బోర్డు నిలుస్తుంది. పెదవి విప్పబోయి, బీరువాల్లాంటి ఆ రెండు పెట్టెల వైపు చూశారు. ఊహించి వీటికి జోడీ కుదర్చడమా? రేపు ఇంకొకరి పెట్టెకి, ఎల్లుండి మరొకరి పెట్టెకి కూడా అలాగేనా? సిగ్గేసింది. ఓడిపోతే వీటి పేగులు పీకేస్తారని తెలిసి ఏడుపు కూడా వచ్చింది. అయినా అబద్ధం నోటికి రాలేదు.

“నాకు తేడా ఏం వినబడలేదు డాక్టరుగారూ,” అన్నారు. “మూడూ ఒకటే. అసలు సంగతేమిటంటే, ఏడాదిగా నా...”

సర్రున దుప్పటి జారింది. ఆవిడ దాన్ని చేతికి చుట్టుకుని నిలబడి ఉంది.

“మూడూ ఒకటేనండీ,” అంది డాక్టరుగారితో. “మీటల పెట్టెకి తీగలే తగిలించలేదు. ఉత్తుత్తి మీటలు నొక్కాను. మొదట్నించీ మోగింది ఈ గాజుబుడ్లదొక్కటే.”

బావమరిది యాంప్లిఫయర్ ఒక మూల దీపాలు మిణుకుమనిపిస్తూ ఖాళీగా కూర్చుని ఉంది. వాడు దాన్ని చూశాడు, గాజుబుడ్లని చూశాడు, నోరెళ్ళబెట్టాడు.

“అక్కా, నా చెవిలోనే పువ్వు పెట్టావే!”

“గుండీలు ఎన్ని కనబడ్డాయిరా?” అంది అక్క.

డాక్టరుగారు తన కిటికీ సంగతి ఎవరూ ఎత్తకముందే గాజుబుడ్ల డబ్బాతో సహా స్పీకర్లని పంపించమని చెప్పి, చెవిగారికి రెండుచేతులా నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. బావమరిది కూడా దీపాలార్పుకుని వీధి దాటాడు. సాయంత్రానికల్లా చెవిగారి చెవి మహిమ వీధి చివర మంగలి కొట్టు దాకా పాకింది.

చెవిగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

“నాకు నిజంగానే వినబడలేదే,” అన్నారు మెల్లగా.

“తెలుసు,” అంది ఆవిడ.

“ఎప్పట్నించి?”

“కిందటేడు బాగుచేసిన ఆ గుండ్రటి పెట్టెలు గుర్తున్నాయా? మీరు విని, భేషుగ్గా ఉన్నాయి, పంపించెయ్యమన్నారు. ట్వీటర్ తీగ ఊడిపోయి ఉంది. నేనే టంకం పెట్టి పంపాను.”

“అదొక్కటేనా?”

“అదీ, ఇంకో మూడూ.”

చెవిగారు కుర్చీని ఆవిడ వైపు తిప్పుకున్నారు. “మరి ఇందాక నేను ఏదో ఒకటి ఊహించి చెప్పేసి ఉంటే?”

“మీరు చెప్పిందే కరెక్టని వాణ్ణి పంపించేసేదాన్ని,” అంది ఆవిడ దుప్పటి మడతపెడుతూ. “తర్వాత ఒక నెల మీతో మాట్లాడేదాన్ని కాదు.”

మర్నాడు కొట్టు తెరిచేసరికి కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది. చెవిగారు కాసేపు గొణిగి, బోర్డు దింపుదామని స్టూలు తెచ్చుకున్నారు.

“ఎందుకూ? ఎవరి చెవో అందులో రాయలేదుగా,” అంది ఆవిడ.

ఆయన స్టూలు దిగి, దుప్పటి ఎత్తి, వెనక ముక్కాలిపీట మీద కూర్చున్నారు. పీట చిన్నదని, కాళ్ళు పట్టడం లేదని, ఇన్నేళ్ళూ దీని సంగతి తనకెందుకు చెప్పలేదని ఉపన్యాసం మొదలెట్టారు. ఆవిడ కళ్ళు మూసుకుని కుర్చీ చేతి మీద గట్టిగా తట్టింది. ఉపన్యాసం ఆగింది. టక్కుమని మీట పడింది.