బర్రె నోట్లో చెయ్యి

రేగుంటలో లింగక్క ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. తెల్లారితే బర్రె పని, అది కాగానే పాలక్యాను పట్టుకుని వాడకట్టంతా తిరుగుడు, ఆ తర్వాత వరిమడి. భర్త పోయాక ఆ ఒక్క బర్రె మీదే సంసారం నెట్టుకొచ్చింది. నోరు కాస్త పెద్దదే కానీ, పాలల్లో చుక్క నీళ్లు కలపదని ఆమెతో గొడవపడ్డవాళ్లు కూడా ఒప్పుకునేవాళ్లు. లింగక్కకు అంతకుమించిన గొప్ప లేదు.

ఆ బర్రె చచ్చిపోయింది. ముందు మేత మానేసింది, నోటినుంచి చొంగ కారింది, గొంతు బొంగురుపోయి అదేపనిగా అరిచింది. మామిడి టెంకేదో గొంతుకు అడ్డం పడిందనుకుని లింగక్క సాంబన్నను పిలిచింది. పశువుకు ఏమొచ్చినా ఊరు పిలిచేది అతన్నే. ఇద్దరూ కలిసి దాని నోరు తెరిచారు. సాంబన్న మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికాడు. టెంకా లేదు, ముల్లూ లేదు. పళ్లు గీరుకుని మణికట్టు దగ్గర రక్తం వస్తే లుంగీకి తుడుచుకుని, మర్నాడు అల్లపల్లి కట్టెడిపో పనికి వెళ్లిపోయాడు.

బర్రె చచ్చాక వచ్చిన పశువుల డాక్టరు దాని వెనకకాలి మీద మచ్చ చూసి, కుక్క గాని కరిచిందా అని అడిగాడు. కరిచింది. లింగక్క పసుపు రాసి మరిచిపోయింది. పిచ్చికుక్కే అయ్యుంటుందని, ఆ రోగమే బర్రెను చంపిందని అన్నాడాయన.

లింగక్కకు పాలు గుర్తొచ్చాయి. బర్రె పోయిన ఏడుపు ఎటుపోయిందో! వాడకట్టంతా తన పాలే తాగింది. కోతల్లో కొడవలికి తెగిన వేలికి చుట్టిన గుడ్డ జారిపోతుంటే పళ్లతో బిగించుకుంటూ, ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది. ముందుగా వెళ్లింది నెలలు నిండిన నవత ఇంటికి.

"ఏందక్కా, గట్ల ఒగరుస్తున్నవ్?"

"నా పాలు పచ్చియి తాగినవా, కాగబెట్టినవా?"

"పచ్చియి ఎవలు తాగుతరక్కా? పొంగిచ్చే తాగిన. ఏమైంది?"

చెప్పేసరికి నవత మొహం పాలిపోయింది. ఆ మొహం చూశాక లింగక్క ఇంట్లో నిలవలేకపోయింది. నవతను ఆటోలో ఎక్కించుకుని సిరొంచ దవాఖానకు తీసుకెళ్లింది. నర్సు దీపాలి ఓపిగ్గా అంతా విన్నది.

"ఘాబరా పడకు తాయీ. కాగిన పాలతోని ఏం కాదు. బర్రె నోట్ల ఎవరన్న చెయ్యి పెట్టిన్రా? గాయానికి చొంగ అంటితే కుక్క కరిచినట్టే. రోగం బయటపడ్డంక ఇగ మందు లేదు. జల్ది సూది తీసుకోవాలె."

నవత ఊపిరి పీల్చుకుంది. లింగక్క ఊపిరే ఆగిపోయింది. సాంబన్న!

ఫోన్ చేస్తే ఎత్తడు. నవతను ఇంటికి పంపి, దొరికిన అల్లపల్లి బస్సెక్కింది. గుంతల రోడ్డు మీద బస్సు నత్తనడక నడుస్తుంటే లింగక్క కాలుగాలిన పిల్లిలా సీటు మీద లేస్తూ కూర్చుంటూ, పక్కవాళ్ల చేత తిట్లు కూడా తిన్నది. అతనికేమైనా అయితే ఆ పాపం తనదే. పిలిచింది తను.

డిపోలో టేకు దుంగల పక్కన సాంబన్న సద్ది తింటున్నాడు. విషయం విని నవ్వాడు.

"అది నన్ను కరువలేదక్కా. నేనే చెయ్యి పెట్టిన. ఎన్ని బర్ల నోట్ల పెట్టలే!"

"నీ కాళ్లు మొక్కుత తమ్మీ, దవాఖానకు రా. నా బర్రె కోసం వచ్చి నువ్వు చస్తే నేనెట్ల బతకాలె?"

"ఉట్టిగ పరేషాన్ అయితున్నవ్. నాకు సూదులు గీదులు వద్దు."

బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. సాంబన్న ముద్ద మీద ముద్ద మింగుతూనే ఉన్నాడు. చివరికి వాదన గెలిచానన్న ధీమాతో అన్నాడు.

"నువ్వు గూడ ఉంటివి గదా! రెండు చేతులతోని దవడలు ఇడదీసి పట్టుకున్నది నువ్వే. నీకేమన్న అయ్యిందా?"

లింగక్క తన చెయ్యి చూసుకుంది. సాంబన్న కూడా ఆ గుడ్డ వైపు చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"వేలు ఎప్పుడు తెగింది?"

"బర్రె మేత మానకముందే."

చేతికి చొంగ జిగటగా అంటడం, చీరకొంగుకు తుడుచుకోవడం ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంతసేపూ ఊరందరి ప్రాణాలూ మోసుకు తిరిగిందేగాని, తన ప్రాణమొకటుందని తట్టనే లేదు. దుంగ మీద కూలబడింది.

సాంబన్న సగం సద్ది వదిలేసి చెయ్యి కడిగాడు.

"లే అక్కా. ఈడి దవాఖాన దగ్గర్నే ఉన్నది. ఇద్దరం పోదాం."

లింగక్కకు లేవడం చేతకాలేదు. సాంబన్న గీరుకుపోయిన ఆ చెయ్యే చాచి ఆమెను లేపాడు.